సంతకాలు ముందు, తీర్మానం తర్వాత

"పుస్తకం ఎక్కడ పెట్టావ్?"

పొద్దుట్నుంచి సీతారామాంజనేయులు ఆ మాట అడగడం ఇది నాలుగోసారి. మూడు రోజులుగా భార్యాభర్తల మధ్య మాటల్లేవు. ఇవాళ ఉన్న మాట ఇదొక్కటే.

ఇందిరాదేవి పెనం మీద అట్టు తిరగేసింది.

"నిన్నే. మినిట్స్ పుస్తకం ఎక్కడ పెట్టావ్?"

"అట్టు తింటారా, వద్దా?"

"ఇందిరా, ఇవాళ పదిహేనో రోజు, గడువు ఆఖరు. బందర్లో రిజిస్ట్రార్ ఆఫీసులో కాగితాలు పడాలి. ఆటలాడకు."

"ఏ రోజు నుంచి పదిహేనో రోజు?"

అతను పాత పేపర్ల దొంతర కదిపి చూశాడు.

"నవంబరు ఇరవై నుంచే కదా? ఆ రోజు మన వరండాలో సర్వసభ్య సమావేశం జరిగిందని రాశారు. పంతొమ్మిది మంది వచ్చారని రాశారు. గురువారం అది. నేనిక్కడే కూర్చుని చింతకాయ పచ్చడి నూరుతున్నాను. నాకు ఒక్కళ్ళూ కనపడలేదే!"

సీతారామాంజనేయులు బీరువా మళ్ళీ తీశాడు. చీరల కింద చూశాడు. బియ్యం డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూశాడు. చేతికంటిన తవుడు పంచెకు తుడుచుకున్నాడు.

కోడూరులో ఆ ఇంటి ప్రహరీ గోడకు ఒక బోర్డు ఉంది. 'దివిసీమ డయాలసిస్ రోగుల సేవా సంఘం' అని, కింద రిజిస్ట్రేషన్ నంబరు. ఏడేళ్ళ కిందట ఏడుగురు సంతకాలు పెట్టి సంఘం రిజిస్టర్ చేసినప్పుడు ఆఫీసుకి చిరునామా కావాల్సి వచ్చింది. ఇంటి చిరునామా ఇచ్చారు. సూపరింటెండెంటుగా రిటైరైన సీతారామాంజనేయులు అధ్యక్షుడు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన ఇందిరాదేవి కార్యదర్శి. సంఘానికి ఉన్న ఆస్తి ఒక వ్యాన్. హంసలదీవి నుంచి బయల్దేరి, కోడూరు మీదుగా ఉల్లిపాలెం వంతెన దాటి, రోగుల్ని బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకొస్తుంది. ఆ వ్యాన్ ఒకటో తారీకు నుంచి గుడివాడకి వెళ్ళిపోతుందని మినిట్స్ పుస్తకంలో రెండు పేజీల్లో రాసి ఉంది. ఆ చేతిరాత సీతారామాంజనేయులుది. మొన్న మంగళవారం ఆమె కంటపడింది.

"ఎవరొస్తారే మీటింగుకి?" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి. "రెండో ఏడు పెట్టాం కదా. షామియానా వేయించాను. యాభై కుర్చీలు తెప్పించాను. నలుగురొచ్చారు. ఆ ఉప్మా మనం మర్నాడు కూడా తిన్నాం."

"సోమవారం పెట్టారు. సోమవారం వాళ్ళంతా బందర్లో సూదుల మీద ఉన్నారు."

"ఆదివారం నాకు పనుంది."

"ఏం పని?"

"అది ఇప్పుడు గుర్తుండాలా?"

"అక్కర్లేదు లెండి. మీకు గుర్తుండాల్సినవే గుర్తుండట్లేదు."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"నువ్వే చెప్పు. బండి ఆగిపోతే తెల్లారకుండా ఫోన్లు ఎవరింటికొస్తాయి? కాంతారావు రాకపోతే డ్రైవర్ని వెతికేదెవరు? మొన్న వానల్లో బ్రేకులు పట్టేస్తే వర్షంలో నిలబడిందెవరు? నాకు అరవై ఎనిమిది. గుడివాడ గోవర్ధనరావుగారు పెద్ద ట్రస్టు నడుపుతున్నాడు. నెత్తిన పెట్టుకుంటానంటున్నాడు. ఇచ్చేస్తే తప్పేంటి?"

"ఇవ్వండి. అడిగి ఇవ్వండి."

"వాళ్ళనడిగితే వద్దంటారు."

"ఆ ముక్క ఇప్పుడు చెప్పారు."

పెనం మీద అట్టు మాడింది. ఆమె దాన్ని తీసి పక్కన పడేసి స్టవ్ కట్టేసింది.

"ఆ ట్రస్టు బోర్డు మీద మీ పేరు రాస్తారట కదా. ఏమని రాస్తారు?"

"గౌరవ ఉపాధ్యక్షుడు."

"ఎన్నో వరసలో?"

"వరసలెవరు చూశారు?"

"మీరు చూసే ఉంటారు. ఎన్నో వరస?"

"మూడు," అన్నాడు. అన్నాక లేచి నిలబడ్డాడు. "పుస్తకం ఇస్తావా, ఇవ్వవా?"

"ఇంట్లో లేదు."

"మరి?"

"చదవాల్సినవాళ్ళకిచ్చాను. బుధవారం బండిలో లక్ష్మీదుర్గ చేతిలో పెట్టాను."

సీతారామాంజనేయులు వెళ్ళి బల్ల మీది ఫైలు తెచ్చాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో అతను ఆమెను తిట్టింది తక్కువ. తిట్టాల్సిన చోట ఆఫీసు భాష మాట్లాడేవాడు. ఇప్పుడూ అదే మాట్లాడాడు.

"సరే. ఒరిజినల్ అడిగితే చూపిద్దామనుకున్నాను. అడక్కపోవచ్చు. రెండు పేజీల జెరాక్సులూ నా దగ్గరున్నాయి. సెక్రటరీ కవరింగ్ లెటర్ కూడా ఉంది."

"నేను రాయలేదు."

"రాయక్కర్లేదు. సంతకం చేశావు."

అతను ఫైలు తెరిచి చూపించాడు. సంఘం లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు టైపు చేసి ఉన్నాయి. కింద ఆమె సంతకం. కార్యదర్శి అన్న ముద్ర.

ఆమెకు గుర్తొచ్చింది. జూన్‌లో కూతురి పురుడికి హైదరాబాదు వెళ్తూ, అవసరానికి ఉంటాయని పది లెటర్‌హెడ్‌ల మీద సంతకాలు చేసి ఇచ్చింది. అతను అడిగాడు, ఆమె చేసింది. ఎక్కడ వేలు పెడితే అక్కడ సంతకం పెట్టడం ఆమెకు పెళ్ళైన ఏడు నుంచి అలవాటు.

"దాఖలై నంబరు పడితే ఇక అది రికార్డు," అన్నాడు ఫైలు మూస్తూ. "ఆ తర్వాత కాదనాలంటే జిల్లా కోర్టుకెళ్ళాలి. నీ రోగులు వెళ్తారేమో చూద్దాం."

బయట హారన్ మోగింది. తొమ్మిదింపావు. వ్యాన్ వచ్చింది.

సంఘం పని మీద బందరు వెళ్ళేటప్పుడు సీతారామాంజనేయులు వ్యాన్‌లోనే వెళ్తాడు. ముందు సీటు అతనిది. ఇవాళ కూడా ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళి ఆ సీట్లోనే కూర్చున్నాడు. వేరేగా వెళ్ళాలని అతనికి తోచలేదు.

ఇందిరాదేవి ఇంటికి తాళం వేసి వెనక ఎక్కింది.

*

వ్యాన్‌లో ఎనిమిది మంది రోగులు ఉన్నారు. రోజూ ఎక్కగానే ఎవరో ఒకరు "రండి టీచరుగారూ" అంటారు. ఇవాళ ఎవరూ అనలేదు.

డ్రైవరు కాంతారావు వెనక, కిటికీ పక్క సీటు కోటిలింగానిది. అతను పోయి నెల అయింది. ఆ సీట్లో ఇంకా ఎవరూ కూర్చోవడం లేదు. ఇవాళ ఆ సీటు మీద మినిట్స్ పుస్తకం ఉంది.

పక్క సీట్లో లక్ష్మీదుర్గ. ముప్ఫై నాలుగేళ్ళు. భర్త పడవ మీద వేటకు వెళ్తాడు. వ్యాన్ రాకముందు ఆమె వారానికి మూడుసార్లు చేపల ఆటోలో వెళ్ళేది.

వ్యాన్ ఊరు దాటేవరకు ఆమె రోడ్డు చూస్తూ కూర్చుంది. తర్వాత పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ప్రెసిడెంటు గారూ, ఇది మీరు రాసిందేనా అండి?"

"ఏది?"

"చదువుతాను వినండి. 'మన సంఘమును గుడివాడ ట్రస్టులో విలీనము చేయుటకును, సంఘ వాహనమును సదరు ట్రస్టునకు అప్పగించుటకును సభ్యులు హర్షధ్వానముల మధ్య ఏకగ్రీవముగా ఆమోదించిరి.' మీరేనా?"

"తీర్మానాల భాష అట్టాగే ఉంటుందమ్మా."

"హర్షధ్వానాలంటే?"

"చప్పట్లు," అన్నాడు వెనక సీట్లోంచి శోభనాద్రి. బంటుమిల్లి దగ్గర చేపల చెరువులు చేసి, జబ్బు చేశాక కోడూరులో కొడుకు దగ్గరికి వచ్చేసిన మనిషి. మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు. జ్వరం వచ్చి బుధవారం ఆస్పత్రికి రాలేదు. పాదాలు వాచి చెప్పులు పట్టక చేత్తో పట్టుకుని ఎక్కాడు.

లక్ష్మీదుర్గ ఎడమ చెయ్యి ముందు సీటు మీదుగా చాపింది. మోచేతి దగ్గర సూదులు గుచ్చిన చోట నరం ఉబ్బి ఉంది.

"ఈ చేత్తో బిందె కూడా ఎత్తొద్దన్నాడు డాక్టరు. నా పిల్లని ఎత్తుకోను ఈ చేత్తో. మీ వరండాలో చప్పట్లు కొట్టానా అండి?"

"నీ చెయ్యి సంగతి కాదమ్మా ఇక్కడ..."

"నా చెయ్యి సంగతేనండి. నా సంతకం ఉంది కదా."

సీతారామాంజనేయులు వెనక్కి తిరగలేదు. అద్దంలోంచి కాంతారావు చూస్తున్నాడని గమనించి రోడ్డు వంక చూశాడు.

"గుడివాడలో మిషన్లు కొత్తవి. ఏసీ ఉంది. మీకే మంచిది."

"ఎట్టా వెళ్ళాలి?"

"వాళ్ళే ఏదో ఏర్పాటు చేస్తారు."

"చెయ్యరు. వ్యాన్ గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళకే తిరుగుతుందని మీరు రాసిన షరతుల్లోనే ఉంది. మరి మేం? హంసలదీవి నుంచి కోడూరుకి ఒక బస్సు. కోడూరు నుంచి అవనిగడ్డ ఇంకోటి. అక్కణ్ణుంచి పామర్రు. పామర్రు నుంచి గుడివాడ. నాలుగు. మళ్ళీ వచ్చేటప్పుడు నాలుగు. మిషన్ మీంచి లేచినవాణ్ణి మీరెప్పుడైనా బస్సెక్కించారా అండి? కళ్ళు తిరిగి కండక్టరు మీద పడతాం."

"లేకపోతే మానేస్తాం," అన్నాడు శోభనాద్రి. "మానేస్తే పది రోజులు. ఎక్కువైతే పదిహేను. అప్పుడు నీకు సంఘం బాధ కూడా ఉండదు, ఆంజనేయులూ."

వెనక ఎవరో నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది.

"సరే, ఇది మొదటి పేజీ," అంది లక్ష్మీదుర్గ. "అక్టోబరు పద్దెనిమిది. నెల తేడాతో రెండు మీటింగులు జరగాలంట కదా విలీనానికి. ఇదిగో రెండోది. నవంబరు ఇరవై. పదకొండో సంతకం చూడండి."

ఆమె పుస్తకం తెరిచి ముందు సీటు దాకా జరిపింది. సీతారామాంజనేయులు చూడక తప్పలేదు.

అక్షరాలు విడివిడిగా ఉన్నాయి. పెన్ను ఒత్తి రాసినవి. కోటిలింగం.

"కార్తీక పౌర్ణమి మర్నాడు పోయాడు. ఈ బండిలోనే ఇంటికి తీసుకెళ్ళాం. పద్నాలుగు రోజులయ్యాక మీ వరండాకొచ్చి చప్పట్లు కొట్టి వెళ్ళాడా అండి?"

వ్యాన్ వంతెన ఎక్కింది. రెండు వైపులా నీళ్ళు.

"నేను గమనించలేదు," అన్నాడు సీతారామాంజనేయులు చివరికి.

"ఆయన పోయిన సంగతా?" అంది ఇందిరాదేవి. వ్యాన్ ఎక్కాక ఆమె నోరు విప్పడం అదే మొదలు. "మీరే వెళ్ళి దండ వేసొచ్చారు."

"ఆ పేజీ మీద ఎవరెవరి సంతకాలున్నాయో చూసుకోలేదంటున్నాను."

"అదేనండీ నేను మూడు రోజుల్నుంచి చెప్పుకోలేకపోతున్నది. చూసుకోలేదు. అక్కడ పేర్లున్నాయని మీకు పట్టలేదు. పంతొమ్మిది అని లెక్క సరిపోయింది, అంతే."

"ఆగండి టీచరుగారూ."

లక్ష్మీదుర్గ ఆమె వైపు తిరిగింది.

"ఆయన రాశాడు. సరే. రాయడానికి ఖాళీ కాగితం ఆయనకెక్కడిది? దసరాకి ఈ బండిలోనే, ఇదే సీట్లో కూర్చుని మా చేత ఆరు పేజీల మీద సంతకాలు పెట్టించిందెవరు?"

ఇందిరాదేవి తలెత్తింది.

"నేనే."

"ఎందుకు పెట్టించారు?"

"మీరు మీటింగుకి రాలేరని."

"రాలేమని మేం చెప్పామా? ఆదివారం పెట్టండి, వస్తామో లేదో చూద్దురుగాని. మమ్మల్ని ఎవరడిగారు? పాపం రోగిష్టోళ్ళు అనుకున్నారు మీరు. పాపం అనుకునే కదా ఖాళీ కాగితం పెట్టారు. ఆయనా పాపం అనుకునే అమ్మేశాడు."

"అమ్మలేదు!" అన్నాడు సీతారామాంజనేయులు. "ఒక్క రూపాయి ముట్టుకున్నానని నిరూపించు."

"మీరు బోర్డు మీద పేరుకిచ్చారు. అది ఇంకా చవక."

ఇందిరాదేవి కిటికీ చువ్వ పట్టుకుని కూర్చుంది. మొదట్నుంచీ ఆమె ఖాళీ పేజీల మీదే సంతకాలు పెట్టించేది. మొదటి ఏడు ఒక్క పేజీ. తర్వాత రెండు. డ్రైవరు సెలవులు, టైర్ల మార్పు, కార్యవర్గం యథాతథం. అన్నీ ఇంటికొచ్చాక డైనింగ్ టేబుల్ మీద రాసినవే. తప్పు రాయలేదు. కానీ సంతకాలు ముందు, తీర్మానం తర్వాత. అది తప్పని ఆమెకు ఏడేళ్ళలో ఒక్కరోజు అనిపించలేదు.

కోటిలింగానికి సంతకం నేర్పింది కూడా ఆమే. అతను గొర్రెలు కాసినవాడు. వేలిముద్ర వేయబోతే ఆమె వద్దంది. కోడూరు నుంచి వంతెన వచ్చేలోపు రోజుకొక అక్షరం దిద్దించింది. సంతకం వచ్చేశాక అతను రేషన్ షాపులో, ఆస్పత్రిలో, ఎక్కడ పడితే అక్కడ సంతకం పెట్టేవాడు. దసరాకి ఆరో పేజీ కూడా అయిపోయాక పుస్తకం వెనక్కివ్వకుండా అడిగాడు.

"ఇంకో పేజీ ఉందా టీచరుగారూ?"

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

సీతారామాంజనేయులు ఫోను తీశాడు.

"గోవర్ధనరావుగారూ, నమస్కారమండి. బందర్లోనే ఉన్నారా? మీ కారు భవానీపురం దగ్గరికి పంపగలరా? వంతెన దిగగానే. అవునండి. బండిలో కొంచెం... అవునండి. కాగితాలు నా దగ్గరే ఉన్నాయి."

*

వంతెన దిగాక పావుగంట ఆగాల్సి వచ్చింది. కాంతారావు ఆపనన్నాడు. శోభనాద్రి "ఆపరా, దిగనీ" అన్నాడు.

తెల్ల కారు వచ్చింది. సీతారామాంజనేయులు దిగి, వ్యాన్ పక్క తలుపు తెరిచాడు.

"ఇందిరా, దిగు."

ఆమె కదల్లేదు.

"ఇద్దరం కలిసి వెళ్దాం. నువ్వు వచ్చి పక్కన నిలబడితే చాలు. రాకపోతే ఏమవుతుందో ఆలోచించుకున్నావా? నువ్వొక్కదానివే వచ్చి అబద్ధం అంటే ఎవరు వింటారు? కాగితం మీద నీ సంతకం ఉంది. ఖాళీ పేజీల మీద సంతకాలు తీసిన కార్యదర్శి ఎవరని అడుగుతారు. కేసంటూ అయితే మొదటి పేరు నీది."

"అయితే కానివ్వండి."

"నేను నీ గురించే చెప్తున్నాను."

"అయితే నా మాటా వినండి. పద్నాలుగో నియమం గుర్తుందా? మన బైలాస్‌లో. మీరే రాశారు."

అతను తలుపు మీది చెయ్యి తీశాడు.

"సభ్యుల్లో మూడో వంతు స్వయంగా వచ్చి అభ్యంతరం రాసిస్తే, మళ్ళీ సర్వసభ్య సమావేశం జరిగేదాకా ఏ తీర్మానమూ దాఖలు చేయకూడదు. ఆ బైలాస్ కాపీ రిజిస్ట్రార్ ఆఫీసు ఫైల్లో ఉంది. సభ్యులం ఇరవై ఏడుగురం. మూడో వంతు తొమ్మిది."

సీతారామాంజనేయులు వ్యాన్‌లోకి చూశాడు. లెక్కపెట్టాడు. ఎనిమిది మంది, భార్యతో తొమ్మిది.

తర్వాత వాచీ చూసుకున్నాడు.

"పదకొండింటి షిఫ్టు మీది. పది నలభై ఐదుకి బరువు చూపించుకుని మంచం మీద లేకపోతే మిషన్ ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. ఆఫీసు తలుపులు తీసేదే పదిన్నరకి. మీ తొమ్మిది మంది చెప్పేది రాసుకునేసరికి పన్నెండవుతుంది. ఇవాళ శుక్రవారం. మళ్ళీ మిషన్ సోమవారం. వీళ్ళని చంపి గెలుస్తావా?"

"కాంతారావ్, తలుపు వెయ్యి," అంది ఇందిరాదేవి.

కారు ముందు వెళ్ళింది. వ్యాన్ వెనక బయల్దేరింది.

కొంతదూరం వెళ్ళాక ఆమె అంది.

"ముందు ఆస్పత్రికి పోనీ. ఆయన చెప్పింది నిజం. నేనొక్కదాన్నే ఆటోలో వెళ్తాను. జరిగింది చెప్తాను."

"ఒక్కళ్ళు చెబితే ఆగుతుందా?" అంది లక్ష్మీదుర్గ.

"ఆగదు."

"మరెందుకు వెళ్ళడం?"

"సోమవారం దాకా మీరు ఆగలేరు కనక."

"ఇవాళ ఆగకపోతే ఒకటో తారీకు తర్వాత ప్రతి సోమవారం, ప్రతి బుధవారం, ప్రతి శుక్రవారం ఆగాలి కదండి? మళ్ళీ మా తరఫున మీరే అనేసుకుంటున్నారు. అడగండి."

ఇందిరాదేవి బ్యాగులోంచి తెల్ల కాగితం తీసింది. పుస్తకం అడుగున పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. గతుకుల్లో అక్షరాలు పక్కకి పోతున్నాయి. పది వాక్యాలు రాసింది. తన తప్పు రాయాల్సిన వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ రాసింది. రాశాక పైకి చదివింది.

"పై రెండు తేదీల్లోనూ సమావేశం జరగలేదు. సభ్యులకు నోటీసు ఇవ్వలేదు. కార్యదర్శినైన నేను దసరా సమయంలో ఖాళీ పేజీల మీద సభ్యుల సంతకాలు తీసుకున్నాను. తీర్మానం తర్వాత రాయబడింది. ఆ తప్పు నాది."

"రాయబడింది కాదు," అంది లక్ష్మీదుర్గ. "ఎవరు రాశారో రాయండి."

ఇందిరాదేవి పెన్ను కాగితం మీద ఆనించి కాసేపు కదపలేదు. తర్వాత ఆ మాట కొట్టేసి, పైన భర్త పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాసింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. కింద సంతకం పెట్టింది. చివరి వాక్యానికీ సంతకానికీ మధ్య రెండు వేళ్ళ ఖాళీ ఉంది. దాని మీద అడ్డంగా గీత కొట్టింది.

"ఇప్పుడు ఒక్కొక్కళ్ళూ చెప్పండి. ఇష్టం లేనివాళ్ళు మానెయ్యండి. ఎవరూ ఏమీ అనరు."

కాగితం లక్ష్మీదుర్గ చేతిలోంచి వెనక్కి వెళ్ళింది. ఒకావిడ మొత్తం మళ్ళీ చదివించుకుని సంతకం చేసింది. ఒకతను సోమవారం దాకా నీళ్ళెన్ని తాగొచ్చని అడిగాడు. ఎవరో చెప్పారు. చేశాడు. ఏడు సంతకాలయ్యాయి. ఇందిరాదేవిది కలిపితే ఎనిమిది.

కాగితం శోభనాద్రి దగ్గర ఆగింది. అతను కిటికీకి తల ఆనించి ఉన్నాడు. నోటితో ఊపిరి తీస్తున్నాడు. మిషన్ మీద పడుకుని ఇవాల్టికి నాలుగు రోజులు. ఇవాళా తప్పితే ఏడు.

ఇందిరాదేవి లేచి వెళ్ళి అతని చేతిలోంచి కాగితం తీసుకోబోయింది.

"మీరొద్దు శోభనాద్రిగారూ. మిమ్మల్ని దింపే వెళ్తాం."

"నేను లేకపోతే ఎంతమంది?"

"ఎనిమిది."

"కావాల్సింది?"

ఆమె కాగితం కొస పట్టుకుంది.

"తొమ్మిదని ఇందాక అన్నావు కదమ్మా."

"మిమ్మల్ని లెక్కలో వేసుకోను."

"ఎందుకు వేసుకోవు?" శోభనాద్రి కాగితం వదల్లేదు. "ఇన్నేళ్ళు అడక్కుండానే లెక్కలో వేసుకున్నారు నన్ను. ఇవాళ అడిగాక తీసేస్తావా?"

అతను మోకాలి మీద కాగితం పెట్టుకున్నాడు. సంతకం సగంలో పెన్ను జారి కింద పడింది. లక్ష్మీదుర్గ తీసి ఇచ్చింది. మిగతా సగం పూర్తి చేశాడు.

ఇందిరాదేవి ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి. ఆమె తీయలేదు.

కోనేరు సెంటరు వస్తోంది. కాంతారావు చెయ్యి అలవాటు కొద్దీ ఆస్పత్రి వైపు ఇండికేటర్ వేసింది. ముందు వెళ్తున్న తెల్ల కారు రిజిస్ట్రార్ ఆఫీసున్న రెండో వైపు తిరిగింది.

కాంతారావు అద్దంలో ఇందిరాదేవిని చూశాడు. ఆమె శోభనాద్రిని చూస్తోంది.

"అటు కాదు," అన్నాడు శోభనాద్రి.

ఆ రెండు మాటలకి అతను రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.